బుజ్జికి, పచ్చళ్ళ సంగతి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని, అంటే కిడ్నీలు సరిగా పనిచేయడం లేదని, ఉప్పు తగ్గించమన్నారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆవకాయ లేకుండా ముద్ద ఎలా దిగుతుందని బెంగపడుతున్నావట. కిడ్నీ జబ్బున్న మీ పెదనాన్నకు తొమ్మిదేళ్ళు వండిపెట్టిన చేత్తో రాస్తున్నాను.

ముందు ఒకటి. సోడియం తక్కువని అమ్మే ఉప్పు ప్యాకెట్‌ను ఇంట్లోకి రానివ్వకు. మంచిదనుకునే నేనూ కొన్నాను. నెల తిరిగేసరికి ఆయనకు కాళ్ళలో సత్తువ పోయింది, రక్తంలో పొటాషియం 6 దాటింది. ఆ రాత్రంతా ఆసుపత్రిలోనే. సోడియం తగ్గించిన మేరకు వాటిలో కలిపేది పొటాషియం క్లోరైడ్. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. ఆ టెన్షన్ నీ భార్య పడకూడదు. సైంధవ లవణం వాడమని ఎవరైనా చెబితే వినకు, అదీ ఉప్పే.

ఉప్పు రోజంతటికీ 5 గ్రాములు, అంటే అంచుకు సమంగా ఒక టీ చెంచా. పొద్దున్నే ఆయన వాటా చిన్న గిన్నెలో పోసి పొయ్యి పక్కన పెట్టేదాన్ని. పప్పుకైనా కూరకైనా అందులోంచే. పచ్చడి అడిగిన రోజు ముందే కొంత తీసి డబ్బాలో వేసేదాన్ని. గిన్నె కళ్ళెదుట ఉంటే ఇంట్లో వాదనలు ఉండవు.

జాడీ ఆవకాయలో మాత్రం ఉప్పు తగ్గించకు, బూజు పడుతుంది. ఏ పూటకాపూట కలుపుకో: చెంచాడు సన్నటి మామిడి ముక్కలు, కొత్త ఆవపిండి, కారం, వెల్లుల్లి, నూనె. ఉప్పు వద్దు. ఆవఘాటు ముక్కుకెక్కితే ఉప్పు లేదన్న సంగతి సగం మరిచిపోతావు. బీరపొట్టు పచ్చడికి జీలకర్ర, పచ్చిమిర్చి, ఇంగువ పోపు, చివర్లో నాలుగు చుక్కల నిమ్మరసం చాలు.

టమాటా నిల్వ పచ్చడిలో, గోంగూరలో ఉప్పుతోపాటు పొటాషియమూ ఎక్కువే. నువ్వుల పొడి, కందిపొడిలో ఫాస్ఫరస్ ఉంటుంది. నీ రిపోర్టు చూసి డైటీషియన్ ఎంత చెబితే అంతే తిను. అప్పడాలు, చల్లమిరపకాయలు మానెయ్యి. ఆఫీసు దగ్గర తినే ఫ్రైడ్ రైస్ కూడా. ఒక్క పెద్ద చెంచా సోయా సాస్‌లోనే సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, నీకు రోజంతటికీ 2000 మించకూడదు, ఆ టీ చెంచా ఉప్పులో ఉండేదే అంత.

ఆదివారం అమ్మ వస్తోంది కదా, కొట్టిన ఆవపిండి పంపుతున్నాను. ఫ్రిజ్‌లో పెట్టుకో, ఘాటు పోదు.

మీ పెద్దమ్మ