బీజేపీ తెలంగాణ లెక్క రాయబోయే తమ్ముడికి

తమ్ముడూ,

తెలంగాణలో బీజేపీ ఎదుగుదల మీద నువ్వు రాసిన చిత్తుప్రతి చదివాను. "కాషాయ గాలి" అన్న మాట ఏడుసార్లు కనిపించింది. ఏడూ కొట్టెయ్. ఆ మాట పడ్డ ప్రతిచోటా నువ్వు కారణం వెతకడం ఆపేశావు.

కథను 2019లో ఎత్తుకోవడం మొదటి పొరపాటు. 1984లో దేశం మొత్తమ్మీద ఆ పార్టీకి దక్కిన 2 ఎంపీ సీట్లలో ఒకటి హన్మకొండ. అక్కడ చందుపట్ల జంగారెడ్డి పీవీ నరసింహారావును ఓడించారు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో 7 ఎంపీ సీట్లు వచ్చాయి, అయితే టీడీపీ పొత్తుతో. పొత్తు ఏడాది ఓటుని ఒంటరి పోటీ ఏడాది ఓటుతో పోల్చకు.

2018 డిసెంబర్ అసెంబ్లీ ఎన్నికల్లో ఒక్క గోషామహల్ దక్కింది. ఓట్లు సుమారు 7 శాతం, వందకు పైగా స్థానాల్లో డిపాజిట్ గల్లంతు. నాలుగు నెలలకే 4 ఎంపీ సీట్లు, 19 శాతం ఓట్లు. 2023లో 8 మంది ఎమ్మెల్యేలు, సుమారు 14 శాతం. 2024లో 8 మంది ఎంపీలు, 35 శాతం. నువ్వు వీటన్నిటినీ ఒకే గీత మీద గుచ్చి "7 నుంచి 35కి" అన్నావు. రెండు గీతలు కావాలి: అసెంబ్లీకి ఒకటి, పార్లమెంటుకు ఒకటి. ఇంకో మెలిక కూడా ఉంది. 2023లో 8 స్థానాలు జనసేనకు వదిలారు కాబట్టి ఆ 14 శాతం 111 చోట్ల పడ్డ ఓటే.

2023 అసెంబ్లీ నుంచి 2024 పార్లమెంటుకు వచ్చేసరికి బీఆర్ఎస్ 37 నుంచి 17 శాతం లోపుకి పడింది, బీజేపీ దాదాపు అంతే పెరిగింది. "కారు ఓటు కమలానికి మళ్లింది" అని రాయాలని చెయ్యి లాగుతుంది. ఆగు. పోలింగే సుమారు 71 నుంచి 66 శాతానికి తగ్గింది. కారుకు వేసినవాళ్లలో కొందరు ఇల్లు కదలకపోయి ఉండొచ్చు, కొందరు కాంగ్రెస్‌కు వేసి ఉండొచ్చు. ఫారం 20 తియ్. బూత్ వారీగా ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. పార్లమెంటు ఫలితం కూడా అసెంబ్లీ సెగ్మెంట్లవారీగా దొరుకుతుంది కాబట్టి పక్కపక్కన పెట్టి చూడొచ్చు. బూత్ నంబరును మాత్రం నమ్మకు. మధ్యలో బూత్‌లు చీలితే వరస మారిపోతుంది. బడి పేరు, ఊరి పేరు చూసి జత చెయ్యి. తగ్గినదీ పెరిగినదీ ఒకే బూత్‌లో అయితే నీ ఊహకు బలం వచ్చినట్టు. అప్పుడు కూడా ఆ ఊరెళ్లి పది గడపలు తొక్కాకే రాయి.

నిజామాబాద్ 2019 మీద ఒక్క వాక్యమే రాశావు, అన్యాయం. పసుపు బోర్డు, గిట్టుబాటు ధర కోసం రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేస్తే బరిలో 185 మంది మిగిలారు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 మీటలే పడతాయి. నోటాతో కలిపి 186 కావడంతో ప్రతి బూత్‌లో 12 యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. ఓటరు గుర్తు వెతుక్కుంటూ ఆ వరుస ముందు నడవాలి. బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు. ఒక పంట, ఒక హామీ, ఒక జిల్లా. దీన్ని మతం ఖాతాలోనో మోదీ ఖాతాలోనో మొత్తంగా వేసేస్తే ఆ రైతు నీ వ్యాసంలోంచి మాయమవుతాడు.

నాయకులు ఎక్కడి నుంచి వచ్చారో కూడా రాయి. కిషన్ రెడ్డి, బండి సంజయ్ పార్టీలోనే పెరిగారు. ఈటల రాజేందర్, డి.కె. అరుణ, కొండా విశ్వేశ్వర్ రెడ్డి, గోడం నగేశ్ బయటి నుంచి వచ్చారు. వచ్చిన నాయకుడి వెంట కేడర్ ఎంత కదిలింది, పాత బూత్ కమిటీ వాళ్లతో పొసిగిందా అన్నది మండల స్థాయిలో అడిగితేనే తెలుస్తుంది. పన్నా ప్రముఖ్‌ల (ఓటర్ల జాబితాలో ఒక్కో పేజీ బాధ్యత చూసే కార్యకర్తల) జాబితా చూపిస్తే దాన్ని బలమనుకోకు. అందులో నలుగురికి ఫోన్ చేసి, తమ పేజీలో ఎంతమంది ఓటర్లున్నారో అడుగు.

మళ్లీ రాసేముందు ఒక్క పని చెయ్యి. హుజూరాబాద్ తీసుకో. ఈటల అక్కడ 2018లో కారు గుర్తు మీద గెలిచారు, 2021 ఉప ఎన్నికలో కమలం మీద గెలిచారు, 2023లో అదే కమలం మీద ఓడారు. 2024లో ఆ సెగ్మెంట్‌లో కమలం మీద నిలబడింది బండి సంజయ్. నాలుగు ఫారం 20లు ఒక పట్టికలో పెట్టి, వ్యాసం కంటే ముందు ఆ పట్టిక నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న