సెలైన్ ఎక్కుతున్నా బీపీ పెరగకపోతే

దెబ్బ తగిలిన మనిషిలో ఇలా జరిగితే, లోపల ఎక్కడో రక్తం ఇంకా పోతూ ఉండొచ్చని ముందు అనుకోవాలి. మీ వార్డులోని రోగికి రెండు లీటర్ల సెలైన్ ఎక్కినా పై బీపీ 80 దాటడం లేదని, పైకి పెద్ద గాయమేదీ లేదని రాశారు కదా. ఛాతీ, పొట్ట, కటి, తొడ ఎముకలనే ముందు అనుమానించాలి. ఇంకో సీసా తగిలించే ముందు డాక్టర్‌ని పిలవండి. సెలైన్ ఎక్కువైతే రక్తం పలచబడి గడ్డకట్టడం ఇంకా కష్టమవుతుంది.

1. రక్తం తెప్పించమనండి. దెబ్బ తగిలి 3 గంటలు దాటకపోతే ట్రానెక్సామిక్ యాసిడ్ (రక్తం కారడాన్ని తగ్గించే మందు) సంగతి అడగండి. మొదటి డోసు 1 గ్రాము, 10 నిమిషాల్లో వెళ్లాలి.

2. కటి ఎముక విరిగిందని అనుమానం ఉంటే కట్టే పట్టీని (కటి బైండర్) నడుము మీద కాదు, తొడల పక్కన చేతికి తగిలే ఎముక బుడిపెల మీదుగా బిగించాలి.

3. అందరూ మరిచిపోయేది ఒంటి వేడి. పరీక్ష కోసం బట్టలు కత్తిరించేస్తాం, తర్వాత ఏసీ కింద అలాగే వదిలేస్తాం. వేడి 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే రక్తం సరిగా గడ్డకట్టదు, ఎంత ఎక్కించినా కారిపోతూనే ఉంటుంది. మెడ, వెన్ను మెలిపడకుండా నలుగురు కలిసి రోగిని ఒకేసారి పక్కకు తిప్పండి. వీపు మీద గాయం ఉందేమో చూడండి. కింద దుప్పటి తడిసి చల్లగా ఉంటుంది, అది తీసేయండి. ఒళ్లు తుడిచి, పొడి దుప్పటితో తలతో సహా కప్పండి, ముఖం మాత్రం వదిలేయండి. రక్తాన్ని వార్మర్ (వెచ్చబరిచే యంత్రం) గుండానే ఎక్కించండి.

బీపీ రాసిన ప్రతిసారీ పక్కనే టెంపరేచర్ కూడా రాయండి.