మంచుకొండల ముచ్చట్లు: బెంగళూరు పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

టిబెట్, భూటాన్ వాళ్ళ కథలు, ఆచారాల మీద ప్రశ్నలు పంపమని అడిగితే ఎక్కువ ఉత్తరాలు బెంగళూరు తెలుగువాళ్ళ నుంచే వచ్చాయి. టిబెటన్ శరణార్థుల ఊరు బైలకుప్పె దగ్గర్లో ఉండటం ఒక కారణం, కుర్రకారు బండ్ల మీద లదాఖ్ వెళ్ళి రావడం ఇంకో కారణం. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి లదాఖ్ నుంచి రంగురంగుల జెండాల తోరణాలు తెచ్చి ఒకటి బాల్కనీకి, ఒకటి తన బండికి కట్టాడు. మంత్రాలున్న గుడ్డలు అలా కట్టకూడదని మావారు అంటున్నారు. కట్టవచ్చా? రంగులకు వరస ఉందా? పాతబడితే ఏం చేయాలి?
(ఒక పాఠకురాలు, మారతహళ్లి)

జవాబు: కట్టవచ్చమ్మా. బౌద్ధులు కానివాళ్ళు కట్టకూడదన్న నియమం లేదు. ఎక్కడ కట్టాం, ఎలా కట్టాం అన్నదే ముఖ్యం.

వీటిని లుంగ్‌తా అంటారు. ఒక జెండా విప్పి చూడండి. మధ్యలో వీపు మీద రత్నాలు మోసే గుర్రం, నాలుగు మూలల్లో గరుడుడు, డ్రాగన్, పులి, మంచు సింహం ఉంటాయి. చుట్టూ అచ్చువేసిన మంత్రాలు. ఆ అక్షరాలను తాకిన గాలి ఎవరికి సోకితే వాళ్ళకు మేలు జరుగుతుందని వాళ్ళ నమ్మకం. అందుకే గాలి ఆడని చోట కట్టి లాభం లేదు. అద్దాలతో మూసేసిన బాల్కనీలోనో, హాల్లో టీవీ మీదో వేలాడదీస్తే అది అలంకారమే అవుతుంది.

రంగుల వరస ఎడమ నుంచి కుడికి నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. వరసగా ఆకాశం, గాలి, నిప్పు, నీరు, భూమి అన్నమాట. మన పంచభూతాలే. తోరణం ఎప్పుడూ అయిదు రంగుల జట్లుగానే కుడతారు, కాబట్టి పొడవు ఎక్కువైందని మధ్యలో కత్తిరించకండి. మడిచి కట్టండి. అక్షరాలు తలకిందులు కాకూడదు, జెండా నేలను తాకకూడదు. బట్టలారేసే తీగకు కలిపి కట్టడం అసలే వద్దు. తాడును బిగించి లాగి కడితే జూన్ నుంచి వీచే పడమటి గాలికి కుట్టు దగ్గర తెగిపోతుంది, కొంచెం వదులుగా వేలాడనివ్వండి.

బండి సంగతికి వస్తే, మీవారి అభ్యంతరంలో న్యాయం ఉంది. సైలెన్సర్ పక్కన, కాళ్ళు పెట్టే చోట, వెనక చక్రం దగ్గర కడితే అమర్యాద ఒకటి, ప్రమాదం ఒకటి. పాలియెస్టర్ జెండా వేడికి కరిగి అంటుకుపోతుంది, వేలాడే కొస చెయిన్‌లో చిక్కుకుంటుంది. కట్టాలనే ఉంటే చిన్న తోరణాన్ని ముందు హ్యాండిల్ మధ్యలో, బ్రేకు లివర్‌కూ కేబుళ్ళకూ తగలకుండా, కొసలు వేలాడకుండా బిగించమనండి.

రంగు వెలిసిందని బాధపడకండి. ఆ మంత్రాలన్నీ గాలికి చేరాయనే వాళ్ళు అనుకుంటారు. టిబెటన్ కొత్త సంవత్సరం లోసార్ రోజుల్లో కొత్తవి కడతారు. పాతవాటిని చెత్తబుట్టలో వేయరు, శుభ్రమైన చోట కాల్చేస్తారు. పాలియెస్టర్‌ను అపార్టుమెంటులో కాలిస్తే విషపు పొగ వస్తుంది. ఈసారి నూలు జెండాలే కొనండి. త్వరగా చినిగినా అవే మేలు.

ఒక్క హెచ్చరిక. భూటాన్ కొండల మీద పొడుగాటి కర్రలకు నిలువునా కట్టిన తెల్ల జెండాలు కనిపిస్తాయి. అవి చనిపోయినవాళ్ళ కోసం, 108 చొప్పున నిలబెట్టేవి. ఫొటో బాగుందని వాటి నమూనాను గృహప్రవేశానికి తెచ్చుకోకండి.

ప్రశ్న: టిబెట్‌లో కూడా భేతాళ కథలున్నాయని, అందులో నాగార్జునుడు వస్తాడని ఒకరు చెప్పారు. నిజమేనా? మన నాగార్జునుడేనా?
(ఒక రిటైర్డ్ లెక్చరర్, మల్లేశ్వరం)

జవాబు: నిజమేనండీ. మన భేతాళ కథల చట్రం హిమాలయాలు దాటి టిబెట్‌లో స్థిరపడింది, అక్కడి నుంచి మంగోలియాకూ వెళ్ళింది. కాకపోతే వాళ్ళు చట్రం మాత్రమే తీసుకుని లోపలి కథలను చాలావరకు తమ నేలవే పెట్టుకున్నారు. గొర్రెల కాపరులు, చమరీ మృగాలు, మోసపోయే రాక్షసులు, తెలివైన పేదింటి పిల్లలు ఉంటారు వాటిలో.

మొదలు ఇలా ఉంటుంది. ఏడుగురు మాంత్రికుల దగ్గర ఒక కుర్రవాడు దొంగచాటుగా విద్య నేర్చుకుంటాడు. అది తెలిసి వాళ్ళు తరుముతారు. వాడు చేపైతే వాళ్ళు నీళ్ళలో వేటాడతారు, పావురమైతే డేగలై వెంటపడతారు. పావురం ఒక గుహలో తపస్సు చేసుకుంటున్న నాగార్జునుడి ఒళ్ళో వాలి, ఆయన జపమాలలో పెద్దపూసగా మారి దాక్కుంటుంది. వచ్చినవాళ్ళకు ఆయన మాల ఇస్తే చిన్నపూసలు పురుగులవుతాయి, మాంత్రికులు కోళ్ళై ఆ పురుగులను ఏరుకు తింటారు. అప్పుడు పెద్దపూస మనిషై ఏడుగురినీ చంపేస్తుంది.

కథలో బరువంతా ఇక్కడే ఉంది. కుర్రవాణ్ణి కాపాడిన గురువే, ఏడు ప్రాణాలు పోయాయని బాధపడి ప్రాయశ్చిత్తం విధిస్తాడు. శీతవన శ్మశానం నుంచి మహిమలున్న శవాన్ని మోసుకురావాలి, దారిలో ఒక్క మాటా మాట్లాడకూడదు. తెస్తే మనుషులకు ఆయుష్షు, సంపద కలుగుతాయి. శవం ఊరుకుంటుందా? కథ మొదలుపెడుతుంది.

మన కథకూ దానికీ అసలు తేడా ఇది: మన భేతాళుడు చివర ఒక చిక్కుప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది గనక విక్రమార్కుడు నోరు విప్పుతాడు. టిబెట్ శవం ప్రశ్న వేయదు. కథ రసపట్టులో ఉండగా మోసేవాడే ఒళ్ళు మరిచి “అయ్యో, ఎంత పని జరిగింది!” అనేస్తాడు. అంతే, శవం ఎగిరిపోతుంది. మన కథలో పరీక్ష తెలివికి, టిబెట్ కథలో పరీక్ష నిగ్రహానికి. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ తేడా చెడగొట్టకండి. ఆ కేక ఎక్కడ పడాలో వాళ్ళనే చెప్పమంటే వాళ్ళకే తెలిసిపోతుంది.

ఇక నాగార్జునుడు. జానపద కథలోని సిద్ధుణ్ణీ మాధ్యమికమనే బౌద్ధ దర్శనం రాసిన ఆచార్యుణ్ణీ టిబెటన్ సంప్రదాయం వేరు చేయదు. ఆయన శ్రీపర్వతం మీద ఉన్నాడని కూడా ఆ సంప్రదాయం చెబుతుంది. కృష్ణా తీరంతో వాళ్ళ బంధం ఇంకా లోతైనది. కాలచక్ర తంత్రమనే బౌద్ధ సాధన విధానాన్ని బుద్ధుడు ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో, బోధించాడని వాళ్ళ విశ్వాసం. అందుకే 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్షను అమరావతిలో ఇచ్చారు. లాసా దగ్గర 1416లో స్థాపించిన ద్రెపుంగ్ మహావిహారం పేరు కూడా ధాన్యకటకానిదే. ఆ విహారాన్ని తర్వాత మన పక్కనే, కర్ణాటకలోని ముండగోడులో మళ్ళీ నెలకొల్పారు.

ప్రశ్న: ఆఫీసులో టిబెటన్ స్నేహితురాలు ఏడు ఇత్తడి గిన్నెలు కానుకగా ఇచ్చింది. రోజూ నీళ్ళు పోసి పెట్టమంది. పద్ధతి చెప్పగలరా? గిన్నెలకు తెల్లటి మరకలు పడుతున్నాయి.
(ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్)

జవాబు: ఏడు గిన్నెలూ ఏడు ఉపచారాలు: అర్ఘ్యం, పాద్యం, పుష్పం, ధూపం, దీపం, గంధం, నైవేద్యం. తెలుగింటి పూజ తెలిసిన మీకు ఇది కొత్తేం కాదు. అన్నిటికీ బదులు నీళ్ళే పెట్టడంలో ఒక అర్థముంది. నీళ్ళు ఎవరికైనా దొరుకుతాయి, ఇచ్చేటప్పుడు లోభం ఉండదు, ఇచ్చాక గొప్ప ఉండదు.

పొద్దున్నే గిన్నెలను పొడిగుడ్డతో తుడిచి ఒకదాని మీద ఒకటి పేర్చండి. పైగిన్నెలో నీళ్ళు పోసి, అడుగున కొంచెం ఉంచి మిగతావి కింది గిన్నెలోకి వంచండి. పైదాన్ని ఎడమ చివర పెట్టండి. అలా ఒక్కొక్కటే కుడివైపుకి పేర్చుకుంటూ వెళ్ళాలి. ఖాళీ గిన్నెను వెల్లకిలా పెట్టకూడదు గనక ఈ ఏర్పాటు. రెండు గిన్నెల మధ్య బార్లీ గింజంత ఎడం ఉండాలి, తగలకూడదు, దూరం కాకూడదు. తర్వాత ఎడమ నుంచి నింపుకుంటూ రండి. ధార సన్నగా మొదలై, మధ్యలో లావై, మళ్ళీ సన్నబడాలి. అంచుకి గింజంత కిందే ఆపండి. పొర్లితే తప్పు, మరీ వెలితిగా ఉన్నా తప్పు.

సాయంత్రం కుడి నుంచి ఎడమకి తీయాలి. నీళ్ళు మొక్కలకు పోసి, గిన్నెలు తుడిచి బోర్లించండి. రాత్రంతా నీళ్ళతో వదిలేస్తే ఇత్తడికి చిలుము పడుతుంది. తెల్ల మరకలు మాత్రం బోరు నీళ్ళ ఉప్పువి. చింతపండు గుజ్జుతో తోమి, వెంటనే కడిగి ఆరబెట్టండి. ఇకముందు ఫిల్టరు నీళ్ళే వాడండి.

వెన్నదీపం కూడా పెట్టాలనుకుంటే మన ఆవునెయ్యి చాలు. ఉప్పు వెన్న వాడితే అందులోని తడికి చిటపటలాడుతుంది. సన్నటి పుల్లకు దూది చుట్టి, నేతిలో తడిపి, ప్రమిద నడిమధ్య నిలబెట్టండి. చుట్టూ గోరువెచ్చని నెయ్యి పోసి పేరుకోనివ్వండి. వత్తి పైకి అర సెంటీమీటరు కంటే ఎక్కువ ఉంటే మసి వస్తుంది. తడపకుండా పెడితే దూదే కాలి ఆరిపోతుంది.

ప్రశ్న: భూటాన్ బొమ్మల్లో ఏనుగు మీద కోతి, దాని మీద కుందేలు, ఆపైన పిట్ట ఉంటాయి. ఎందుకలా?
(ఎనిమిదో తరగతి విద్యార్థి, కె.ఆర్.పురం)

జవాబు: అది వయసు వరస, బాబూ. నలుగురిలో ఎవరు పెద్దో తేల్చుకోవడానికి ఒక చెట్టును సాక్షిగా పెట్టుకుంటారు. నేను వచ్చేసరికే అది చెట్టైపోయి ఉందంటుంది ఏనుగు. నాకు తెలిసేటప్పటికి నా ఎత్తే ఉందంటుంది కోతి. రెండాకుల మొలకగా ఉన్నప్పుడు దాని మీది మంచు నాకానంటుంది కుందేలు. ఆ గింజను తిని ఇక్కడ వేసిందే నేనంటుంది కౌజుపిట్ట. అప్పటి నుంచి చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను మోశారు. పాలి జాతక కథలో కుందేలు లేదు, ముగ్గురే. టిబెట్, భూటాన్ వాళ్ళది నలుగురి కథ. బొమ్మ గీస్తే పిట్టను కిందికి దించకు, కథే పోతుంది.

ప్రశ్న: పెద్ద ధర పెట్టి థంకా (గుడ్డ మీద గీసిన బౌద్ధ చిత్రం) కొన్నాం. పూజగదిలో దీపం పైన తగిలించాం. వానాకాలంలో రంగు మీద మచ్చలు వచ్చాయి. తడిగుడ్డతో తుడవవచ్చా?
(ఒక పాఠకుడు, యలహంక)

జవాబు: తుడవకండి! సంప్రదాయ థంకాలో నూలుగుడ్డ మీద సుద్ద, తోలుజిగురు కలిపిన పూత ఉంటుంది. రాతిరంగులను కూడా జిగురుతోనే కలుపుతారు. ఆ జిగురు నీళ్ళకు కరుగుతుంది. తడి తగిలితే మచ్చతో పాటు బొమ్మా లేచి వస్తుంది.

ముందు దాన్ని దీపం పైనుంచి తీసేయండి, మసి జిడ్డుగా పట్టుకుంటే మళ్ళీ వదలదు. బయటి గోడ వానకు చెమ్మగిల్లుతుంది గనక లోపలి గోడకే తగిలించండి. వెనక రెండు చెక్కముక్కలు పెట్టి అంగుళం ఖాళీ ఉంచండి. అద్దం కట్టిస్తే అద్దం బొమ్మను తాకకూడదు, మధ్యలో చెమ్మ చేరి రంగు అద్దానికే అంటుకుంటుంది. ఎండ నేరుగా పడితే చుట్టూ ఉన్న పట్టు ముందు పాడవుతుంది. చుట్టాల్సి వస్తే కింది కర్ర నుంచి పైకి, వదులుగా చుట్టి నూలుగుడ్డలో పెట్టండి. ప్లాస్టిక్ కవరు బూజుకు ఇల్లు. మాటిమాటికీ చుట్టి విప్పితే పూత పగుళ్ళిస్తుంది. ఉన్న మచ్చలు బూజువైతే చిత్రాలు బాగుచేసే నిపుణులకే చూపించండి.

చేత్తో గీసిందో కాదో చూడాలంటే భూతద్దం పెట్టండి. సన్నటి రంగుచుక్కలు వరసగా కనిపిస్తే అచ్చు బొమ్మే. ప్రతిష్ఠ చేసిన థంకాకు వెనకవైపు, దేవత నుదురు, కంఠం, గుండె వచ్చే చోట ఓం, ఆః, హూం అని రాసి ఉంటుంది.

ప్రశ్న: బైలకుప్పె వెళ్తున్నాం. ఏం తెలుసుకుని వెళ్ళాలి?
(ముగ్గురు పాఠకులు)

జవాబు: కుశాలనగర్‌లో దిగితే ఆటోలో కొద్ది దూరం. పగటిపూట చూసి రావడానికి భారతీయులకు పర్మిట్ అక్కర్లేదు. విదేశీ స్నేహితులు రాత్రి ఉండాలంటే మాత్రం ముందే అనుమతి తీసుకోవాలి. 1963లో టిబెటన్ గురువు పెనోర్ రిన్‌పోచే మొదలుపెట్టిన నమ్‌డ్రోలింగ్ విహారంలో బంగారు పూత వేసిన మూడు విగ్రహాలుంటాయి: మధ్యలో శాక్యముని, పక్కన పద్మసంభవుడు, అమితాయువు. ప్రదక్షిణ, ప్రార్థనా చక్రాలు రెండూ కుడివైపుగానే. విగ్రహాల వైపు కాళ్ళు చాపి కూర్చోకండి. కుంకుమ, కర్పూరం, కొబ్బరికాయ తీసుకెళ్ళకండి, పళ్ళు చాలు. పారాయణం జరుగుతుంటే వరసల మధ్య నుంచి నడవకండి, ఫ్లాష్ వేయకండి. వీలుంటే సెరా విహారానికి కూడా వెళ్ళి, భిక్షువులు చప్పట్లు చరుస్తూ తర్కం చేసుకోవడం దూరం నుంచి చూడండి.

ప్రశ్న: భూటాన్ వాళ్ళ మిరపకాయల చీజ్ కూర ఎమ దాత్షి ఇంట్లో చేస్తే పనీర్ ముక్కలు రబ్బరులా ఉండిపోతున్నాయి. ఎందుకు?
(ఒక పాఠకురాలు, బనశంకరి)

జవాబు: పనీర్‌ను పులుపుతో విరిచి చేస్తాం, అది ఎంత వేడికీ కరగదు. దాత్షి అనే భూటాన్ చీజ్ మెత్తటిది, పులుసులో కలిసిపోతుంది. ఇక్కడ దానికి దగ్గరగా రావాలంటే 150 గ్రాముల ప్రాసెస్డ్ చీజ్ వాడి, కావాలంటే రెండు చెంచాల చిదిమిన పనీర్ కలపండి.

200 గ్రాముల మిరపకాయలను నిలువుగా చీల్చండి. మూడొంతులు బజ్జీ మిరప, ఒక వంతు కారం మిరప అయితే మన నోటికి సరిపోతుంది. ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక టమాటా, ఒకటిన్నర కప్పుల నీళ్ళు, చెంచాడు వెన్న వేసి పది నిమిషాలు ఉడికించండి. మంట బాగా తగ్గించి చీజ్ పైన పరిచి మూతపెట్టండి. మూడు నిమిషాలయ్యాక ఒక్కసారి కలిపి దించేయండి. చీజ్ పడ్డాక తెర్లిస్తే కొవ్వు విడిపోయి నూనె తేలుతుంది. ఉప్పు చివర్లో, రుచి చూసి వేయండి, చీజ్‌లోనే చాలా ఉంటుంది. పోపు, పసుపు, జీలకర్ర వద్దు. అక్కడ మిరపకాయ మసాలా కాదు, కూర. పిల్లలకైతే మిరపకాయలు రెండే వేసి, మిగతా అంతా బంగాళాదుంప చక్రాలతో చేయండి. దాన్ని కేవ దాత్షి అంటారు. ఎర్రబియ్యం అన్నంలోకి రెండూ బాగుంటాయి.