వీపు నిండా మొటిమలు, పైగా పొట్టు లేస్తోంది!

ప్రశ్న: మేడమ్, నాకు 23 ఏళ్లు, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి జాబ్ చేస్తున్నా. మొహం మీద పెద్దగా ఏం లేవు గానీ వీపు, భుజాలు, ఛాతీ పైభాగం అంతా మొటిమలే. 2% సాలిసిలిక్ యాసిడ్ బాడీ వాష్ కొని రెండు పూటలా రుద్దుతున్నా, నెలకి కాస్త తగ్గాయి కానీ ఇప్పుడు చర్మం బిగదీసుకుపోయి పొట్టు లేస్తోంది, దురద కూడా. మొన్న ఊరెళ్తే అమ్మ కొబ్బరి నూనె పట్టించింది, వారం తిరక్కుండానే మళ్లీ పొక్కులు. లోషన్ రాస్తే ఇంకా ఎక్కువవుతాయేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మని ఏమీ అనకు తల్లీ, ఒళ్లు పొడిబారితే కొబ్బరి నూనె రాయడం మనందరి ఇళ్లలో ఉన్నదే, కాళ్లకీ చేతులకీ అయితే నేనూ వద్దనను. మొటిమలొచ్చే వీపుకి మాత్రం అది సరిపడదు, రంధ్రాలు పూడుకుపోతాయి.

మొటిమలుంటే జిడ్డు చర్మమే కదా, మళ్లీ మాయిశ్చరైజర్ ఎందుకు అని చాలామంది అడుగుతారు. జిడ్డు వేరు, తేమ వేరమ్మా. వీపు మీద, ఛాతీ మీద నూనె గ్రంథులు ఎక్కువ కాబట్టి జిడ్డు ఎలాగూ ఉంటుంది, కానీ నువ్వు రెండు పూటలా యాసిడ్ పెట్టి రుద్దేసరికి పైపొర దెబ్బతిని లోపలి నీళ్లు ఆవిరైపోతున్నాయి, అందుకే ఒకే వీపు మీద జిడ్డూ ఉంది పొట్టూ లేస్తోంది.

పొట్టు తగ్గేదాకా ఆ వాష్ ఆపెయ్, తర్వాత రోజు విడిచి రోజు చాలు, రెండు నిమిషాలుంచి కడిగెయ్. మిగతా రోజులు ఘాటు లేని మామూలు బాడీ వాష్, మరీ వేడినీళ్లు కాకుండా గోరువెచ్చటివి. పీచుతో తోమడం, నలుగు పెట్టి రుద్దడం ఆ చోట అస్సలొద్దు (పండక్కి ఇంటికెళ్తే కూడా!). స్నానం అయ్యాక టవల్‌తో అద్దుకుని, ఇంకా తడిగా ఉండగానే, ఒక మూడు నిమిషాల్లోపు, పల్చటి లోషనో జెల్లో రాసుకో. డబ్బా మీద నాన్ కొమెడోజెనిక్ (అంటే రంధ్రాలు పూడ్చనిది) అని ఉండాలి, గ్లిజరిన్, సెరమైడ్స్, నియాసినమైడ్ లాంటివుంటే మంచిది, కోకో బటర్, ఘుమఘుమలాడే సెంట్లు ఉన్నవి వదిలెయ్. ఆ ముద్ర ఉన్నంత మాత్రాన అందరికీ పడుతుందని కాదు, ముందు ఒక భుజం మీదే ఓ పది రోజులు రాసి చూడు. చెయ్యి అందని చోటికి రూమ్మేట్‌ని బతిమాలుకోవాల్సిందే.

ఇంకోటి, ఇది ఎవరూ పట్టించుకోరు. రాత్రి తలకి నూనె పెట్టుకుని జడ వీపు మీద వేసుకుని పడుకుంటే ఆ నూనెంతా ఎక్కడికి పోతుంది? తలస్నానం చేసేటప్పుడు కూడా షాంపూ, కండిషనర్ ముందు అయిపోవాలి, వీపు ఆఖర్న కడుక్కోవాలి.

దురద అన్నావు చూడు, అది నాకు కొంచెం అనుమానంగా ఉంది. పొక్కులన్నీ చిన్నగా ఒకే సైజులో ఉండి చెమట పడితే దురద పెరుగుతుంటే అవి మొటిమలు కాకపోవచ్చు, వెంట్రుక కుదుళ్లలో ఈస్ట్ అనే ఒక రకం ఫంగస్ వల్ల వచ్చేవి అయ్యుండొచ్చు, నూనె రాస్తే వాటికి మేత వేసినట్టే. దానికి మందు వేరు కాబట్టి ఒకసారి స్కిన్ డాక్టర్‌కి చూపించు. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీమ్ మాత్రం తెచ్చుకోకు, నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి తర్వాత దాని వల్లే మొటిమలొస్తాయి. డాక్టర్ బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మొటిమల మందు రాసిస్తే తెల్ల టవల్ వాడుకో, రంగువైతే మచ్చలు మచ్చలుగా వెలిసిపోతాయి. ఏది వాడినా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి.

ప్రశ్న: నాకు మోచేతుల పైన వెనకవైపు గరుకుగా, ఈకలు పీకిన కోడి చర్మంలా ఉంటుంది. గిల్లితే ఏమీ రాదు. ఇవీ మొటిమలేనా?

జవాబు: కాదు బాబూ, కెరటోసిస్ పిలారిస్ అంటారు, వెంట్రుక కుదుళ్ల దగ్గర కెరటిన్ అనే చర్మపు ప్రోటీన్ పేరుకుని గట్టిపడుతుంది, చాలామందికి ఇళ్లలో వంశపారంపర్యంగా వస్తుంది, ప్రమాదమేం లేదు. 10% యూరియా ఉన్న లోషన్ రోజూ స్నానం అయ్యాక రాసుకో, మెత్తబడతాయి, మానేస్తే మళ్లీ వస్తాయి. గిల్లడం మాత్రం మానెయ్.