పెట్రోల్‌తో చేతులు కడుగుతున్నాడా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. గాజువాక ఆటోనగర్‌లో కార్ల షెడ్డులో ఏడాదిగా హెల్పర్‌గా చేస్తున్నాడు. వేళ్ల సందుల్లో చర్మం ఎర్రబడి పగులుతోంది. మంటకి అన్నం కూడా కలుపుకోలేకపోతున్నాడు. సాయంత్రానికి తలనొప్పి అంటాడు. ఆయిల్ పడట్లేదేమో, పని మాన్పించాలా?
– ఒక తల్లి, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మాన్పించే ముందు ఒక్క మాట అడగండి. పని అయ్యాక చేతులు దేనితో కడుక్కుంటున్నాడు? షెడ్డు కుర్రాళ్లని అడిగితే నాకు ఎక్కువగా వచ్చే జవాబు ఒకటే: పార్టులు కడిగిన డబ్బాలో మిగిలిన పెట్రోల్. అప్పటికీ నలుపు వదలకపోతే సర్ఫ్, గుప్పెడు ఇసుక. గ్రీజు నిమిషంలో పోతుంది, చర్మాన్ని కాపాడే సహజమైన జిడ్డూ దాంతోపాటే పోతుంది. మర్నాడు ఆ ఒట్టి చర్మం మీద మళ్లీ ఆయిల్, మళ్లీ పెట్రోల్. మన ఊరి ఉక్కకి చెమట కూడా తోడైతే పగలక ఏం చేస్తుంది? పైగా పెట్రోల్‌లో కొద్దిగా బెంజీన్ ఉంటుంది. ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళితే అది రక్తం తయారయ్యే మూలుగను దెబ్బతీస్తుంది.

ఇవాళ్టి నుంచే పద్ధతి మార్చమనండి. చేతులు తడపకుండా ముందు రెండు చెంచాల వంటనూనె వేసి బాగా రుద్దుకోవాలి, గ్రీజు వదులవుతుంది. శుభ్రమైన గుడ్డతో తుడిచి, అప్పుడు ఒంటి సబ్బుతో కడగాలి. గోళ్ల అంచున నల్ల గీత మిగిలితే మిగలనివ్వండి, దానికోసం గీకొద్దు. రాత్రి వాజిలైన్ దట్టంగా రాసి, చేతులకి పాత కాటన్ సాక్సులు తొడుక్కుని పడుకోవాలి. కుర్రాళ్లు దీనికి నవ్వుతారు గానీ, పగుళ్లు మానేది దీనితోనే. పార్టులు కడిగేటప్పుడు నైట్రైల్ (ఒక రకం సింథటిక్ రబ్బరు) గ్లవ్స్ వేసుకోవాలి. నడుస్తున్న ఇంజిన్ దగ్గర, గ్రైండర్ దగ్గర మాత్రం తీసేయాలి, బెల్టులో చిక్కుకుంటే వేలే పోతుంది.

మెడికల్ షాపులో అడిగితే స్టెరాయిడ్ కలిసిన ట్యూబ్ ఇచ్చేస్తారు. రెండు రోజులు హాయిగా ఉంటుంది, వాడుతూ పోతే చర్మం పల్చబడుతుంది. సొంతంగా రాయొద్దు. రెండు వారాల్లో తగ్గకపోయినా, చీము పట్టినా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి) చర్మవ్యాధుల ఓపీలో చూపించండి.

తలనొప్పి సెలవు రోజున కూడా వస్తోందా? రాకపోతే షట్టర్ సగం దించి ఇంజిన్ రేజ్ చేస్తున్నారేమో కనుక్కోండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఎవరికైనా తల తిరిగినా, మత్తుగా అనిపించినా వెంటనే బయటి గాలిలోకి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయాలి.

మీరు రాయలేదు గానీ, ట్యాంకులోంచి పైపుతో పెట్రోల్ నోటితో లాగుతుంటాడా? ఆ పని అసలు వద్దు. పొరపాటున మింగితే వాంతి చేయించకండి. కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

షెడ్డులో 10 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేస్తుంటే, జీతం 21,000 రూపాయల లోపుంటే ఈఎస్ఐ (ఉద్యోగులకు వైద్యం అందించే ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది. ఓనర్‌ని అడగడానికి అబ్బాయి జంకితే మీరే వెళ్లి అడగండి.