గడియారంలో ముళ్లు ఎక్కడున్నాయి?

చిరంజీవికి ఆశీస్సులు.

మెదడు దెబ్బల మీద, మనిషి మానసిక శక్తులు క్రమంగా క్షీణించే డిమెన్షియా మీద ముప్ఫై ఏళ్లు పరిశోధించిన న్యూరోసైకాలజిస్ట్ (మెదడుకూ, ఆలోచనకూ ప్రవర్తనకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించే నిపుణురాలు) గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. కానీ మొదటి మూడు పేజీలూ ఆమె చదువులకు, పదవులకు, పురస్కారాలకు సరిపోయాయి, ఆమె రోజూ రోగి ఎదుట కూర్చుని చేసిన పని నాలుగో పేజీ చివర ఒక్క వాక్యంగా వచ్చింది: "రోగి గడియారం బొమ్మ పరీక్షలో విఫలమయ్యాడు." నేను ఆగిపోయింది అక్కడే.

పాతికేళ్ల కిందట అచ్చం ఇలాంటి వాక్యమే నేనూ రాశాను. సరిచూడమని ఒక పరిశోధకురాలికి ఇస్తే, ఆవిడ తన డిగ్రీల వివరాల్లో నేను చేసిన పొరపాట్లను కూడా పట్టించుకోకుండా 'విఫలమయ్యాడు' అన్న మాట కింద గీత గీసి, పక్కన "ఎలా?" అని మాత్రం రాసి తిప్పి పంపారు. నా దగ్గర జవాబు లేదు. నేను బొమ్మ చూడనే లేదు, మార్కులు చూశాను.

ఆ పరీక్షలో గుండ్రంగా గీసి, అంకెలు వేసి, పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంటారు. మెదడు కుడివైపు దెబ్బతిన్న ఒకాయన పన్నెండు అంకెలనూ వలయంలో కుడి సగంలోనే ఇరికించి, ఎడమ సగం ఖాళీగా వదిలేసి, పని పూర్తయిందన్నట్టు నిశ్చింతగా పెన్సిలు కింద పెట్టవచ్చు. ఆయన చూపులో లోపమేమీ లేకపోవచ్చు, ఎడమ అనే వైపొకటి ఉందన్న ధ్యాసే తప్పిపోయింది. మరొకాయన అంకెలన్నీ పొందిగ్గా వేసి, ఒక ముల్లు పదకొండు మీదా రెండోది పది మీదా పెడతాడు. పది నిమిషాలంటే ముల్లు రెండు మీద ఉండాలి, కానీ 'పది' అన్న మాట చెవిన పడగానే చెయ్యి ఆ అంకె దగ్గరికే పోతుంది, దాన్ని ఆపవలసిన అదుపు లోపల సడలింది. మార్కులు ఇద్దరికీ ఒకటే రావచ్చు. ఇంట్లోవాళ్లకు చెప్పవలసిన జాగ్రత్తలు మాత్రం పూర్తిగా వేరు. ఎన్ని మార్కులు వచ్చాయన్నదే కాక ఆ జవాబుకు మనిషి ఏ దారిన వచ్చాడో కూడా రాసుకోవాలని అమెరికన్ న్యూరోసైకాలజిస్ట్ ఈడిత్ కాప్లాన్ పట్టుబట్టారు. నీ వ్యాసం నుంచి నేను కోరుతున్నదీ అదే.

ఈ రంగం గురించి రాసేవాళ్లలో చాలామంది ఫినియాస్ గేజ్‌తో మొదలుపెడతారు, నువ్వూ అంతే. 1848 సెప్టెంబరు 13న వెర్మాంట్‌లో రైలుమార్గం పనిలో బండలు పేల్చే మందు ముందే అంటుకుని, మూడున్నర అడుగుల పైచిలుకు ఇనుప కడ్డీ చెంపలోంచి దూరి నడినెత్తి మీదుగా బయటపడినా బతికిన మనిషి అతను. అంతవరకు నిజం. ఆ తర్వాత తాగుడుకు బానిసై దేనికీ కొరగాకుండా పోయాడన్నదానికి మాత్రం ఆధారం లేదు. గేజ్ స్వభావం మారిందని వైద్యుడు జాన్ హార్లో రాసిన మాటలు కొద్ది, తర్వాతివాళ్లు అల్లినవి కొండంత. అదే గేజ్ చిలీ వెళ్లి కొన్నేళ్లు ప్రయాణికుల గుర్రపు బండి నడిపాడు. కథ చెడుతుందని కాబోలు, ఆ సంగతి చాలామంది వదిలేస్తారు. దెబ్బ తిన్న మెదడు ఎంతవరకు సర్దుకోగలదో అడిగేవాళ్లకు కావలసింది ఆ బండి ముచ్చటే.

హెన్రీ మొలైసన్ భాగం బాగా వచ్చింది గానీ తొందరగా వదిలేశావు. మూర్ఛలు తగ్గించడానికి 1953లో మెదడు రెండువైపులా ఉండే, జ్ఞాపకాలకు అవసరమైన హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశాక అతనికి కొత్త జ్ఞాపకాలు నిలవలేదని చెప్పి ముగించావు. అతన్ని పరీక్షించిన న్యూరోసైకాలజిస్ట్ బ్రెండా మిల్నర్ అతని చేత, అద్దంలో మాత్రమే చూస్తూ, నక్షత్రం అంచుల మధ్య గీత గీయించారు. రోజురోజుకూ గీత కుదురుకుంది. అలాంటి పని ఎన్నడైనా చేసినట్టు మాత్రం అతనికి గుర్తులేదు. అందరూ మరపు చూసిన చోట ఆవిడ నేర్పు చూశారు, జ్ఞాపకం ఒకే రకం కాదని అలా తేలింది. అన్నట్టు, 2008లో చనిపోయేదాకా అతను పరిశోధన పత్రాల్లో హెచ్.ఎం. మాత్రమే. నువ్వు రోగి ఊరు, ఉద్యోగం, వయసు మూడూ రాశావు, ఇక పేరు దాచి ఏం లాభం? ఆ వివరాలు తీసెయ్యి.

నీ వ్యాసంలో కాలం నడవడం లేదన్నది నా పెద్ద ఫిర్యాదు. తలకు దెబ్బ తగిలినవాళ్లు మొదటి నెలల్లో త్వరగా కోలుకుని తర్వాత నెమ్మదిస్తారు. డిమెన్షియా ఏళ్ల తరబడి దిగలాగుతుంది. ఒకే మనిషిని పదేపదే పరీక్షిస్తే పాత పరీక్ష అలవాటు వల్లే మార్కులు పెరగవచ్చు, కాబట్టి గుర్తుంచుకోమని ఇవ్వడానికి అంతే కష్టమైన మరో పదాల జాబితా తయారుచేసుకోవాలి. బాగా క్షీణించినవాళ్లు రావడం మానేస్తే, మిగిలినవాళ్ల సగటు చూసి జబ్బు నిదానించిందని మోసపోయే ప్రమాదమూ ఉంది. జబ్బుకు ముందు మనిషి స్థాయి ఎంతో తెలియాలి కదా. రాసినట్టు పలకని ఇంగ్లీషు మాటలను ముందే నేర్చుకున్నవాళ్లే సరిగా చదవగలరు, జబ్బు వచ్చినా ఆ నేర్పు చాలావరకు నిలుస్తుంది; అలాంటి మాటలు చదివించి ఆ పాత స్థాయిని అంచనా కట్టే పరీక్షను హేజెల్ నెల్సన్ 1982లో ప్రచురించారు. రాసినట్టే చదివే మన తెలుగులో ఆ ఉపాయం పారదు. ఇలాంటి చిక్కులతోనే నువ్వు రాసిన పరిశోధకురాలికి ముప్ఫై ఏళ్లు గడిచి ఉంటాయి, పురస్కారాలతో కాదు.

మాటల దగ్గర జాగ్రత్త. 'చిత్తవైకల్యం' అంటే చదివేవాడికి పిచ్చి అని తోస్తుంది, డిమెన్షియా అనే రాయి. అన్నిటినీ మతిమరుపు కింద కట్టెయ్యకు; మెదడు ముందుభాగాన్ని ముందుగా పట్టే రకాల్లో జ్ఞాపకం బాగానే ఉండి ప్రవర్తన మారవచ్చు. తలకు బలమైన దెబ్బ తర్వాత కాలంలో డిమెన్షియా ముప్పును పెంచుతుంది. 'పెంచుతుంది' అన్నచోట నువ్వు 'తెస్తుంది' అన్నావు. ఆ ఒక్క క్రియాపదం ఎన్ని ఇళ్లలో నిద్ర లేకుండా చేస్తుందో ఆలోచించు.

ఒక్క మనిషి సంగతి చెప్పి ఆపుతాను. 1943లో యుద్ధంలో తలలో తూటా దిగిన జాసెట్‌స్కీ అనే సోవియట్ సైనికుణ్ణి అక్కడి న్యూరోసైకాలజిస్ట్ అలెగ్జాండర్ లూరియా ఏళ్ల తరబడి గమనించారు. అక్షరాలను ఒక్కొక్కటిగా తలచుకుని రాయబోతే అతనికి చేతకాలేదు, ఆలోచించకుండా చెయ్యి వదిలేస్తే మాట కాగితం మీద పడేది. రాసింది తాను చదువుకోవడమే కష్టం. అయినా పాతికేళ్లలో మూడు వేల పేజీల దాకా రాశాడు. లూరియా అతని లోపాలను ఎంత శ్రద్ధగా నమోదు చేశారో, ఆ పేజీలనూ అంతే శ్రద్ధగా చదివారు.

నువ్వు రాసిన ఆ పరిశోధకురాలి దగ్గరికి మళ్లీ వెళ్లు. నీ నాలుగో పేజీలోని ఆ గడియారం బొమ్మ ఇంకా ఉంటే, పేరు కప్పి చూపించమని అడుగు. ముళ్లు ఎక్కడున్నాయో చూశాక రెండో ప్రతి పంపు.