ముప్పై ఏళ్లొచ్చేదాకా ల్యాబ్‌లోనేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉంది. పరమాణువంత మందాన ప్లాటినం పొరలు వేసి ఉత్ప్రేరకాలు తయారుచేసే పని మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. మా ఆడపడుచు కొడుకు డేటా సైన్స్ కోర్సు చేసి బాగా సంపాదిస్తున్నాడు. రెండూ పోల్చి చెప్పగలరా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆడపడుచు కొడుకు సంపాదన ఉంది. అమ్మాయికి ఈ పని ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? మీ టెన్షన్ డేటా సైన్స్ గురించి కాదు. ముప్పై ఏళ్లొచ్చినా ‘ఇంకా చదువుతోంది’ అని నలుగురికీ చెప్పుకోవాల్సి వస్తుందని.

ముందు ఆ పనేమిటో వినండి. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయెల్ సెల్‌లో రసాయన చర్య ప్లాటినం పైపొర మీదే జరుగుతుంది. నాలుగు నానోమీటర్ల రేణువులో కూడా పైన ఉండే పరమాణువులు మూడో వంతుకు మించవు. మిగతావి ఊరికే కూర్చుంటాయి. ఇంత ఖరీదైన లోహంలో ఆ పైపొర ఒక్కటే వాడుకోలేమా అన్నదే తపన. 2012లో అమెరికాలోని ప్రమాణాల పరిశోధన సంస్థ నిస్ట్‌లో థామస్ మొఫాట్ బృందం ఒక తమాషా చూపింది. ప్లాటినం లవణ ద్రావణంలో బంగారపు ఎలక్ట్రోడ్ ఉంచి, వోల్టేజిని బాగా రుణాత్మకం వైపు నెట్టారు. పూత ఇంకా దట్టంగా పడుతుందనుకుంటాం కదా? పడలేదు. ఒక పొర ఏర్పడగానే హైడ్రోజన్ దాన్ని కప్పేసి, తర్వాతి ప్లాటినానికి తలుపేసింది. అంతా సెకను వ్యవహారం. వోల్టేజి వెనక్కి తెస్తే హైడ్రోజన్ తొలగిపోతుంది, మళ్లీ నెడితే ఇంకో పొర.

అలాగని అమ్మాయి మాటకూ నేను వెంటనే తలూపను. హైడ్రోజన్ ఇప్పుడొక మోజు. కార్ల విషయంలో బ్యాటరీలు ఎప్పుడో ముందుకెళ్లిపోయాయి. ‘నానో’, ‘గ్రీన్’ అన్న పేరు చూసి చేరిపోయేవాళ్లంటే నాకు భయం. ల్యాబ్‌లో ముచ్చటగా పడిన పొర, ఫ్యూయెల్ సెల్ లోపలి ఆమ్లంలో వేల గంటలు నిలవాలి. చాలా ఆశలు అక్కడే కరిగిపోతాయి. ఆవిరితో పొరలు వేసే ఏఎల్‌డీ (అటామిక్ లేయర్ డిపోజిషన్) అనే ఇంకో పద్ధతి ఉంది. అందులో ఒక్కో సైకిల్‌కు పడే ప్లాటినం సుమారు 0.05 నానోమీటర్లే. అదీ అడుగున ఉండే ఆక్సైడ్ మీద పరుచుకోకుండా తామరాకు మీద నీటిబొట్టులా ముద్దకడుతుంది. నెలల తరబడి పొర కోసం చూస్తే మైక్రోస్కోపులో చుక్కలు కనిపిస్తాయి, అక్షరాలా!

ఇదంతా తెలిసీ వెళ్తానంటే వెళ్లనివ్వండి. మోజు పోయినా చేతిపని పోదు. ఏఎల్‌డీని 1974లో ఫిన్లాండ్‌లో తువోమో సున్తోలా రూపొందించింది డిస్‌ప్లే తెరల కోసం. 2007లో ఇంటెల్ 45 నానోమీటర్ల చిప్పుల్లో హాఫ్నియం అనే లోహం కలిసిన పొరకు అదే అక్కరకొచ్చింది. వాక్యూమ్‌లో లీకు పట్టుకోవడం, ఎలక్ట్రోకెమిస్ట్రీ, ఉపరితలాన్ని కొలవడం వచ్చినవాళ్లు ఉత్ప్రేరకాల దగ్గరే ఆగిపోనక్కర్లేదు.

పోలిక అడిగారు కదా, డేటా సైన్స్ లెక్కలు ఇష్టమున్నవాళ్లకు మంచిదే. బావకు నచ్చిందని మరదలికి నచ్చాలని లేదు. కొలతల విశ్లేషణ కోసం ఈ అమ్మాయి పైథాన్ ఎలాగూ నేర్చుకుంటుంది.

చేరేముందు ఆ గైడ్ దగ్గర చదివిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడాలి. ఎన్నేళ్లకు పట్టా వచ్చింది, ఇప్పుడెక్కడున్నారు, ఫెలోషిప్ నెలనెలా పడిందా, యంత్రం పనిచేస్తుందా లేక గుడ్డ కప్పుకుని కూర్చుందా? ఆ ఫోన్లు అమ్మాయే చెయ్యాలి. మీరు కాదు.